ముప్పై ఎనిమిది కిలోమీటర్ల అవతల

"మగ్గాలు ఆపొద్దు," అన్నాడు నాగలింగం. "ఆపితే వీధంతా వచ్చి ఇంటిముందర నిలబడతాది."

షెడ్డులో ఆరు మరమగ్గాలూ ఆడుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు మీదుగా మాట్లాడాలంటే ఎవరైనా అరవాల్సిందే. ఇంట్లో ఉన్న ముగ్గురూ పొద్దుటి నుంచి అరుస్తూనే ఉన్నారు.

వాకిట్లో కారు ఉండే చోటు ఖాళీగా ఉంది. కరెంటు కారు కాబట్టి నేలమీద నూనె మరకైనా మిగల్లేదు.

వనజాక్షి వెళ్ళి చాలాసేపయింది. పోతున్నానని ఎవరికీ చెప్పలేదు. గ్యాసు కట్టేసింది, కొడుకు ఇడ్లీల మీద మూత పెట్టింది, సెల్‌ఫోను మాత్రం గ్రైండరు గట్టుమీదే వదిలేసింది. హేమనాథ్ స్నానం చేసి వచ్చేసరికి తల్లీ లేదు, కారు తాళంచెవీ లేదు.

"ఆర్.కె.పేటకి ఫోన్ చేసినావా?" అని అడిగాడు నాగలింగం. అడగడం ఇది మూడోసారి.

"చేసినా నాయనా. సుందరరాజులు మామ ఇంటికి రాలేదంట. రోడ్డు మీదికి వచ్చి నిలబడుకోని చూస్తా ఉండాడు ఆయన కూడా."

"అయితే గుడికి పోయుంటాది. కొండమీద ఫోను లేకుండా పోవాలని యేమన్నా మొక్కుకొనిందో యేమో. ఆడోళ్ళ మొక్కులు మనకి చెప్పి మొక్కుకుంటారా?"

"కొండకింద బండ్లు నిలబెట్టే చోటంతా తిరిగి చూసినా. లేదు."

నాగలింగం తువ్వాలు దులిపి మళ్ళీ భుజానే వేసుకున్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో వనజాక్షి తనంతట తాను ఇల్లు దాటి ఎంత దూరం పోగలదో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. రెండు నెలల కిందట ఆమెకి డ్రైవింగ్ లైసెన్సు వచ్చినప్పుడు, "రైలు గేటు దాకా పోయి రా, చాలు," అని నవ్వినవాడు ఆయనే.

వంటింటి గడపలో జ్యోతిక నిలబడి ఉంది. ఆమె ఈ ఇంటి కోడలే కాదు, వనజాక్షి అన్న కూతురు కూడా. ఆర్.కె.పేటలో రోడ్డుమీద నిలబడి చూస్తున్నది ఆమె తండ్రే.

"అత్త పూండికి పోయింది," అంది జ్యోతిక.

మగ్గాల హోరులోనూ ఆ మాట ఇద్దరికీ వినపడింది.

"ఎట్ల పోతాది?" అన్నాడు హేమనాథ్. "రేత్రంతా కరెంటు లేదు, చార్జి ఎక్కలేదు. పొద్దున నేనే చూసినా. ఇంక ముప్పై ఎనిమిది కిలోమీటర్లు పోతాదని చూపించింది. పూండి పక్కన సుమతత్త ఊరంటే యాభైకి తక్కువ లేదు. అమ్మకీ అదే చెప్పినా. దారిలో ఆగిపోతాదమ్మా, ఇంకో రోజు చూస్తామని."

"ఇంకో రోజు అన్నావు. ఏ రోజని చెప్పినావా బావా?"

పొద్దున తాను ఆ మాట అన్నది కారు గురించి కాదని హేమనాథ్‌కీ తెలుసు. తల్లి అడిగినప్పుడు తండ్రి పక్కగదిలో ఉన్నాడు. సొంత చెల్లెలే అయినా సుమతత్త పేరెత్తితే ఇల్లు పీకి పందిరేస్తాడు. అందుకే మీటరు మీదికి తోసేశాడు. మీటరు అడ్డం పెట్టుకుంటే ఎవరితోనూ తగవు ఉండదు.

"పోయిన నెల ఏమైంది, నువ్వే చెప్పు," అన్నాడు కొంచెం గొంతు పెంచి. "మెడ్రాసు నుంచి వస్తా ఉంటిమి, నాయన పక్కనే ఉండాడు. ఇంకా ఇరవై ఐదు పోతాదని చూపిస్తానే ఉండాది. ఇరవై ఐదు గడగడా పదయింది, పది రెండయింది. కనకమ్మసత్రం రాకముందే చచ్చి కూచునింది. లారీమీద కట్టుకొని రాలేదా? వీధంతా చూడలేదా? ఆ మాదిరి బండిలో మా అమ్మ ఒంటరిగా ఈ ఎండలో యాడ నిలబడుకోని ఉండాదో!"

"అది అబద్ధం చెప్పలేదు బావా. అంచనా చెప్పింది."

"రెండిటికీ తేడా ఏంది?"

జ్యోతిక గడప దిగి ముందుకు వచ్చింది. "ఆ అంకె బ్యాటరీలో రాసిపెట్టి ఉండేది కాదు. ముందు ఎట్ల తోలినామో చూసుకొని, ఇంకమీద కూడా అట్లనే తోలతామని కారు లెక్క కడతాది. ఆ రోజు పగలంతా నువ్వు మెడ్రాసు ట్రాఫిక్‌లో పాకించినావు. అది చూసి ఇరవై ఐదు అనింది. నువ్వేమో హైవే ఎక్కి, ఏసీ పెట్టి, నూరులో తోలినావు. యాడ సరిపోతాది?"

"సరి. అయితే?"

"తర్వాత నుంచి రోజూ పట్టాభిరామ్‌లో కంపెనీకి నువ్వే పోతా ఉండావు, అదే హైవేలో, అదే స్పీడులో. ఇప్పుడు కారుకి తెలిసింది నీ తోలుడే. ముప్పై ఎనిమిది అంటే నువ్వు తోలితే ముప్పై ఎనిమిది. అత్త తోలితే కాదు."

"అమ్మ తోలుడు నీకెట్ల తెలుసు? ఆమె పెరుమాళ్ళ గుడి సందు దాటి తోలిందా ఎప్పుడైనా?"

జ్యోతిక ఒకసారి మామగారి వైపు చూసింది. తర్వాత చెప్పేసింది.

"ఆదివారాలు మీరిద్దరూ నిద్రపోతారు గదా. అప్పుడు పోతాము. మొదట రైలు గేటు దాకా. తర్వాత ఆర్.కె.పేట రోడ్డు. ఒకసారి పళ్ళిపట్టు దాకా పోయి వచ్చినాము. అత్త నలభై దాటదు. ఏసీ పెట్టదు, అద్దాలు దించేస్తాది. ముందర చెరుకు ట్రాక్టరు పోతా ఉంటే దాని వెనకే పోతాది, దాటదు. ఆ రోజు బయలుదేరినప్పుడు తొంభై చూపించింది. ఇరవై కిలోమీటర్లు పోయినాక కూడా తొంభై దగ్గరే ఉండాది. అత్త నవ్వింది, ఇది మన మాదిరే ఉండాదే, తోలేటోళ్ళని బట్టి బతకతాదే అని."

హేమనాథ్ ముఖం చిన్నబోయింది. "నాకు ఒక్క మాట చెప్పలేదే."

"చెప్తే మామకి తెలుస్తాది. తెలిస్తే తాళం దాస్తాడు."

ఆ మాట మామగారి ఎదురుగానే అనేసింది. నాగలింగం కోప్పడతాడని ఇద్దరూ చూశారు. ఆయన కోప్పడలేదు. షెడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"కారులో యాప్ ఉంటాది గదా, యాడుండాదో చూపిస్తాది అంటారే," అన్నాడు.

"సెకండ్ హ్యాండు బండి నాయనా. అది ఇంకా పాత ఓనరు పేరుమీదే ఉండాది. ఆయన ఫోను ఎత్తలేదు."

"అత్త పోయింది సుమతత్త ఇంటికే," అంది జ్యోతిక మళ్ళీ. ఈసారి మామగారితోనే. "నిన్న సాయంత్రం మీకు ఫోన్ వచ్చింది. రాంగ్ నంబరని కట్ చేసినారు. మీ పక్కన నూలు కండెలు చుడతా ఉండింది అత్త. ఆ గొంతు ఆమెకి తెలీదా మామా? రేత్రంతా నిద్రపోలేదు. ఆ నంబరు మీ ఫోన్‌లో ఉంటాది. ఇయ్యండి. ఒక్క ఫోన్ చేసి అడగతా, అంతే."

"తీసేసినా," అన్నాడు నాగలింగం.

ఆరేళ్ళుగా ఈ ఇంట్లో సుమతి పేరు వినిపించదు. నాగలింగానికి ఒక్కతే చెల్లెలు. ఆమె కొడుకు ఆనంద్‌రాజ్‌కి తన కూతురు మంజునిస్తానని మాట ఇచ్చాడు. మంజు వద్దంది. కూతురు వద్దందని నలుగురిలో చెప్పుకోలేక, పిల్లవాడి ఉద్యోగం బాగాలేదని, వాడు ఇంటిని నిలబెట్టే రకం కాదని పెద్దమనుషుల ముందర అనేశాడు. ఆ మాట విని సుమతి విస్తరి ముందు నుంచి లేచిపోయింది. ఆ తర్వాత సుమతి భర్త గోపాలన్ చనిపోయినప్పుడు కూడా నాగలింగం శ్మశానం దాకా పోయి, ఇంటి గడప తొక్కకుండా వచ్చేశాడు.

అలాంటి సుమతి నిన్న తానుగా ఫోన్ చేసింది. ఎందుకు చేసిందో వినకముందే ఆయన కట్ చేశాడు.

హేమనాథ్ ఫోను మోగింది. ముగ్గురూ ఒక్కసారిగా దానివైపు తిరిగారు.

బండిలో నూలు మూటలు తోలే కన్నన్. మగ్గాల హోరులో వినపడక హేమనాథ్ స్పీకరు పెట్టాడు.

"అన్నా, మీ కారు యాడుండాది? కనకమ్మసత్రం ముందర, రోడ్డుపక్కన మీది మాదిరే తెల్లది నిలబడి ఉండాది. పచ్చ నంబరు ప్లేటు. డ్రైవరు వైపు తలుపు తెరిచే ఉండాది, లోపల ఎవురూ లేరు. నేను అవతలి పక్క వస్తా ఉంటిని, నడిమధ్య గోడ అడ్డం, తిరగను కాలేదు."

హేమనాథ్ అరచేత్తో నోరు మూసుకున్నాడు. కనకమ్మసత్రం ముందర. పోయిన నెల వాళ్ళ కారు ఆగినదీ అక్కడే.

నాగలింగం పరుగులాంటి నడకతో షెడ్డులోకి పోయి మెయిన్ స్విచ్చి కిందికి లాగాడు.

ఆరు మగ్గాలూ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దానికి ఎదురింటివాళ్ళు తలుపు తీశారు. పక్కింటామె గోడమీదుగా తొంగిచూసింది. వీధంతా వచ్చి నిలబడింది. నాగలింగం ఎవరి వైపూ చూడలేదు.

"బండి పిలువు. సీక్రం, తొందరగా," అన్నాడు కొడుకుతో.

*

పార్థిబన్ టాక్సీలో ఏసీ ఉంది. అయినా నాగలింగం ముఖం నిండా చెమట. చొక్కా మార్చుకోలేదు. పంచెకి నూలు పోగులు అంటుకునే ఉన్నాయి.

దారిలో ఎవరూ పోట్లాడలేదు. రోడ్డుపక్కన తెల్లగా ఏది కనబడినా ముగ్గురూ మెడలు చాచారు.

"నేను తోలుకొని పోయుండాల్సింది," అన్నాడు హేమనాథ్ ఎప్పుడో. "మెల్లగా పోయుంటే పోయేవాళ్ళం గదా."

జ్యోతిక అతని చేతిమీద చేయి వేసింది.

"అదో!" అన్నాడు పార్థిబన్.

తెల్ల కారు. పచ్చ ప్లేటు. తలుపు తెరిచే ఉంది.

టాక్సీ పూర్తిగా ఆగకముందే నాగలింగం దిగాడు. తూలి, డోరు పట్టుకుని నిలదొక్కుకుని, కారు దగ్గరికి పోయి లోపలికి వంగి చూశాడు. సీటుమీద చిన్నపిల్లల టోపీ. పాలసీసా.

"యారు సార్?" అని, ఎవరు మీరన్నట్టు అడుగుతూ కింద పొలంగట్టు మీదినుంచి ఒక కుర్రాడు ఎక్కి వచ్చాడు. అతని వెనక చింతచెట్టు నీడలో ఒక అమ్మాయి బిడ్డ నోరు కడుగుతోంది. బిడ్డకి వాంతులట. గబగబా దిగి పరిగెత్తామని, తలుపు వేయడమే మరిచామని తమిళంలో చెప్పుకొచ్చాడు.

కారు నంబరు కూడా నాగలింగం వాళ్ళది కాదు. ముందే చూసి ఉండవచ్చు. ఎవరికీ తోచలేదు.

నాగలింగం కల్వర్టు గోడమీద కూలబడ్డాడు. ఆ అమ్మాయి తన బిడ్డ కోసం తెచ్చుకున్న నీళ్ళసీసానే తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన గటగటా తాగాడు. తాగి, తుడుచుకోకుండానే నవ్వాడు. ఆ కారు తమది కాదు. వనజాక్షిది కాదు. నవ్వు ఆగలేదు. ఆగేసరికి కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఈడ ఆగిపోలేదంటే దాటి పోయినట్టే గదా మామా," అంది జ్యోతిక పక్కన కూర్చుని.

ఆయన తల ఊపాడు. లారీలు రెండు పోయేదాకా ఆగి, "వేసుకో," అన్నాడు.

"ఏంది మామా?"

"నంబరు."

పది అంకెలూ వరసగా చెప్పాడు. ఎక్కడా ఆగలేదు, తడుముకోలేదు.

జ్యోతిక ఫోనులో నొక్కుతూ తలెత్తింది. "తీసేసినానన్నారు?"

"ఫోన్‌లో తీసేసినా," అన్నాడు నాగలింగం.

రింగు పోయింది. చాలాసేపు పోయింది.

"ఎవురూ?"

సుమతి గొంతు కాదు. "అత్తా!" అంది జ్యోతిక, అని ఏడ్చేసింది.

హేమనాథ్ ఫోను లాక్కున్నాడు. "అమ్మా! యాడుండావు? చార్జి ఎంత ఉండాది? బండి యాడ ఆగింది?"

"బండి ఎందుకు ఆగతాది?" అంది వనజాక్షి అవతలినుంచి. "నేను ఆపితే ఆగింది. తిరువళ్ళూరు పెద్దాస్పత్రిలో ఉండాము. రేపు సుమతికి ఆపరేషన్. గర్భసంచి తీసేయాలంట. ఆనంద్‌రాజ్ హోసూరు నుంచి లీవు దొరికి రేపు మధ్యాన్నానికి గానీ రాడు. ఇంతలో తోడుగా ఉండేదానికి మనిషి లేక నిన్న ఫోన్ చేసింది, పాపం. అదెందుకురా జ్యోతిక పాప ఏడస్తా ఉండాది? ఏమైంది?"

"ఏం కాలేదమ్మా," అన్నాడు హేమనాథ్. "సుమ్మా, ఊరికే."

ఫోను పెట్టేసి తండ్రి వైపు తిరిగాడు. "పూండికి పోయి, అత్తని ఎక్కించుకోని, మళ్ళీ తిరువళ్ళూరికి వచ్చింది. అరవై అయ్యుంటాది నాయనా. తక్కువ కాదు."

"మీటరు ఎంత చూపించిందన్నారు?" అని అడిగాడు పార్థిబన్.

హేమనాథ్ టాక్సీ ఎక్కి తలుపు వేసుకున్నాడు.

*

ఆస్పత్రి ఆవరణలో, నీళ్ళ ట్యాంకు నీడన, కారు వంకరగా నిలబడి ఉంది. పక్కన ఇంకో బండి పట్టేంత చోటు వృథా అయింది. వనజాక్షికి రివర్సు ఇంకా సరిగ్గా రాదు.

తాళంచెవి కారుకే వదిలేసింది. మీటరు మీద పద్నాలుగు ఉంది. హేమనాథ్ డ్రైవరు సీట్లో కూర్చుని కాసేపు ఆ అంకెనే చూశాడు. తల్లి తన కోసం సీటుని ముందుకి జరుపుకుని ఉంది. అతని మోకాళ్ళు స్టీరింగుకి తగులుతున్నాయి. వెనక్కి జరుపుకోబుద్ధి కాలేదు.

వనజాక్షి స్టీలు క్యారియరు పట్టుకుని వరండా మెట్లు దిగింది. ఎండకి ముఖం కందింది, గాలికి జుట్టంతా రేగింది. కానీ ఆమె నడకలో ఏదో తేడా ఉంది. భుజాలు దించుకుని నడిచే మనిషి ఇప్పుడు నిటారుగా వస్తోంది.

జ్యోతిక ఎదురుపోయి పట్టుకుంది.

"ఫోను తీసుకొని పోకూడదా అమ్మా?" అన్నాడు హేమనాథ్. కోపంగా అనాలనుకున్నాడు. కుదరలేదు.

"మోగితే భయమురా. రెండు చేతులూ చక్రం మీదే ఉండాలని పాప చెప్పలేదా."

"ఆగిపోయుంటే?"

"నాకు అంత తెలివి లేదనుకుంటివా? కనకమ్మసత్రం దగ్గరికి వచ్చినప్పుడు ముప్పై కన్నా తక్కువ చూపిస్తే వెనక్కి తిప్పేస్తామనుకున్నా. చూసినాను. ముప్పై ఆరు చూపిస్తా ఉండాది. కళ్ళజోడు తుడుచుకోని మళ్ళీ చూసినా, ముప్పై ఆరే. సరి, పోతా ఉండు తల్లీ అన్నా." ఆమె కొడుకు వైపు చూసి, గొంతు తగ్గించింది. "నువ్వు చెప్పింది అబద్ధం కాదులేరా. నీకు అట్లనే చూపించింది."

హేమనాథ్ తల దించుకున్నాడు. "అందుకు కాదమ్మా నేను వద్దనింది."

"తెలుసు," అంది వనజాక్షి.

అతనికి గుండెలమీది బరువు దిగిపోయినట్టయింది. తిట్టి ఉంటే దిగేది కాదు.

అప్పుడు చూసింది వనజాక్షి, టాక్సీ పక్కన నిలబడిపోయిన భర్తని. ఆయన దగ్గరికి రాలేదు. ఆమే పోయింది. పంచెకంటిన నూలు పోగు ఒకటి తీసి పారేసింది.

"మగ్గాలు?" అని అడిగింది.

"ఆపేసినా."

"పట్టపగలా?"

"అంత దూరం ఒక్కదానివే..." అన్నాడు ఆయన.

"పక్కన కూచోనుంటే ఇంకా భయపడుండేదాన్ని," అంది వనజాక్షి. "లోపలికి రా."

"సుమతి రానిస్తాదా?"

"ఆ సంగతి నాకెట్ల తెలుసు? వచ్చి అడుగు."

*

ఆడవాళ్ళ వార్డు చివర, కిటికీ పక్క మంచంమీద సుమతి కూర్చుని ఉంది. మనిషి సగమైంది. గుమ్మంలో అన్నని చూసింది. చూసి, ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

నాగలింగం మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. స్టూలు ఉంది. ఆయన దాన్ని తాకలేదు.

పక్క మంచంమీద ముసలామె ఆసక్తిగా ఇటు తిరిగి పడుకుంది.

"వదినా," అంది సుమతి, కిటికీలోంచి బయటికి చూస్తూనే. "ఒకటే దిగులు నాకు. ఆవు ఈనేటట్టుండాది. పక్కింటామెని చూడమన్నా గానీ, ఆమెకి రేత్రి కళ్ళు ఆనవు. ఎవురైనా ఆడ పండుకుంటే బాగుండు."

"మీ అన్న పోతాడు," అంది వనజాక్షి వెంటనే.

నాగలింగం భార్యని చూశాడు. కాదనలేదు.

"వచ్చినోళ్ళు ఆవుల పని మరిచిపోయినారేమో అడుగు వదినా. ఇప్పుడు మగ్గాల ఓనర్లు గదా."

"చిన్నప్పుడు గొడ్లచావిట్లో పొర్లాడింది ఎవురో, పేడ ఎత్తింది ఎవురో ఆమెనే అడుగు వనజా," అన్నాడు నాగలింగం.

"నా వంతు పేడ కూడా ఎత్తినారంట, ఒప్పుకుంటా. తర్వాత నా నెత్తిన పోసింది కూడా వాళ్ళే అని చెప్పు."

పక్క మంచం ముసలామె కిసుక్కున నవ్వింది. జ్యోతిక గబుక్కున క్యారియరు గిన్నెలు విప్పడం మొదలుపెట్టింది.

నాగలింగం నవ్వలేదు. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆయన రెండు చేతులూ మంచం కమ్మీమీద పెట్టాడు.

"ఆనంద్‌రాజ్ మీద నేను ఆ పొద్దు అనిన మాట," అన్నాడు, ఈసారి ఎవరినీ అడ్డం పెట్టుకోకుండా, "మా పిల్ల వద్దనిందని చెప్పుకోను సిగ్గుపడి అన్నా సుమతీ. వాడిలో ఏం తప్పు లేదు. నలుగురిలో అన్నాను, నలుగురిలోనే చెప్పల్ల. చెప్తా."

సుమతి కొంగు ముడి విప్పింది. ముడిలోంచి తాళంచెవి తీసి వదినగారి చేతిలో పెట్టింది. వనజాక్షి దాన్ని భర్త చేతిలో పెట్టింది.

"చావడి తలుపు ఎత్తి తోయాలని చెప్పు," అంది సుమతి. "కొత్తోళ్ళు ముందరికి పోతే పొడస్తాది. పక్కనుంచి పోయి మెడ నిమరమను. నా గొంతు మాదిరే మాట్లాడమను. ఒకే రక్తం గదా, ఏమో మోసపోతాదేమో."

నాగలింగం తాళంచెవిని గుప్పిట్లో పట్టుకున్నాడు. ఆ ఇంటి తాళం. ఆరేళ్ళుగా దాని గడప ఎట్లా ఉందో కూడా తెలియని ఇల్లు.

"నేను తోలుకొని పోతా నాయనా," అన్నాడు హేమనాథ్. "మెల్లగానే."

"ముందు చార్జి పెట్టుకో. నేను పూండి బస్సులో పోతా," అన్నాడు నాగలింగం. చెల్లెలి వైపు తిరిగాడు. "ఆపరేషన్ అయ్యేది రేపు మధ్యాన్నం అంట గదా. పొద్దున ఆవుని చూసుకోని వచ్చేస్తా. నేను వచ్చేదాకా ఆపరేషనుకి లోపలికి పోవద్దు."

నాగలింగం జవాబు కోసం ఆగి, ఆగి, వరండాలోకి నడిచాడు.

ఆయన అటు పోగానే నర్సు వచ్చి సుమతి చేతికి పట్టీ కట్టింది. "నాళైక్కి ఫస్ట్ కేస్ నీంగదాన్ అమ్మా," అంది. రేపటి వరసలో మార్పు చేశారట. మొదట సుమతినే తీసుకుపోతారట, ఇంకా బాగా వెలుతురు రాకముందే.

వనజాక్షి, జ్యోతిక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెప్పాలంటే పరిగెత్తాలి. వనజాక్షి లేచింది.

సుమతి చేయి పట్టుకుని ఆపింది.

ఆమె మంచం దిగింది. కట్టిన పట్టీ చేతిని గుండెకి ఆనించుకుని, రెండు మంచాలు దాటి, గుమ్మం దాకా నడిచి నిలబడింది. వరండా చివర నాగలింగం మెట్లు దిగబోతున్నాడు.

"అన్నా!" అని ఈసారి నేరుగా ఆయన్నే పిలిచింది సుమతి.

చెప్పుల చప్పుడు ఆగింది. ఆయన వెనక్కి మాత్రం ఇంకా తిరగలేదు.